ఆకారం చెడిన ముప్పై ఏడు

జీడిపిక్కలు ఉడికించే బాయిలర్ చెడిపోయి మా జీడిపప్పు ఫ్యాక్టరీ మూడు వారాలకు పైనే మూసేశారు. అదే లేకపోతే నేనెక్కడ, గెలాక్సీలెక్కడ. పలాసలో పంతొమ్మిదేళ్లుగా గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చుంటున్న మనిషిని. పేరు ధనలక్ష్మి. గుండు పప్పు ఒక గంపలోకి, బద్ద ఒక గంపలోకి, ముక్క ఒక గంపలోకి. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి నా చేతి కింద నుంచి ఎన్ని వేల పప్పులు పోతాయో ఆ దేవుడికే తెలియాలి. అలాంటిదాన్ని ఇంట్లో ఊరికే కూర్చోబెడితే ఏమవుతుంది? మొదటి రోజు అటకలన్నీ దులిపాను. రెండో రోజు చింతపండులో గింజలు తీశాను. మూడో రోజు మా ఆయన కొండబాబుతో మూడుసార్లు గొడవ పెట్టుకున్నాను. నాలుగో రోజు నుంచి ఆయన కిరాయి ఉన్నా లేకపోయినా సరుకుల ఆటో వేసుకుని పొద్దున్నే బయటపడిపోవడం మొదలుపెట్టాడు.

ఇక ఇంట్లో నాకు దొరికింది అరుణశ్రీ. మా ఆయన అక్క కూతురు. వాళ్లది పాతపట్నం అవతల పల్లె. అక్కడి నుంచి రోజూ కాలేజీకి రావడం కుదరదని డిగ్రీ మూడేళ్లూ మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. ఫిజిక్స్. మాకు పిల్లల్లేరు. ఉన్నా దీన్ని తిట్టినంత తిట్టేదాన్ని కాను, దీనికి పెట్టినంత పెట్టేదాన్నీ కాను.

ఆ వారమంతా అది కాలేజీ వాళ్లిచ్చిన లాప్‌టాప్ ముందు కూర్చుని మొహం వేలాడేసుకుని ఉంది. ఏమైందే అంటే ఏమీ లేదంది. రెండోసారి అడిగితే తలనొప్పి అంది. మూడోసారి నేను అడగలేదు, లాప్‌టాప్ మూత వేసేశాను. అప్పుడు చెప్పింది.

మహారాష్ట్రలో ఎక్కడో పొలాల మధ్య ముప్పై పెద్ద పెద్ద ఇనుప గొడుగులు ఉన్నాయట. అవి ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టుకుని బొమ్మలు తయారు చేస్తాయట. ఆకాశం అంటే రాత్రి చూసేది అనుకుంటామా, ఇది కంటికి కనబడని ఆకాశం, దీనికి పగలూ రాత్రీ లేదు. ఆ బొమ్మల్లో వేలకు వేల గెలాక్సీలు. కొన్ని గెలాక్సీల నడుమ నుంచి రెండు ధారలు చెరో దిక్కుకూ చిమ్ముకుని, చివర రెండు తెల్లటి మబ్బుల్లా పరుచుకుంటాయి. అన్నిటినీ కంప్యూటర్ చూడగలదు కానీ కొన్నిటి దగ్గర తికమకపడుతుంది. అందుకని దేశంలో చాలా కాలేజీలకు ఆ బొమ్మలు పంచి, పిల్లలను కూర్చోబెట్టి చూడమన్నారు. ఇంతవరకూ ఎవరూ చూడనిది ఏదైనా దొరికితే, దాన్ని గుర్తుపట్టిన మనిషికి ఆ గొడుగుల దగ్గర పది రోజుల శిక్షణ. ఒక్క జట్టు నుంచి ఒక్కరికే.

అక్కడికి వెళ్లాలన్నది అరుణశ్రీ కోరిక. కోరిక అంటే మామూలుగా కాదు, ఆ గొడుగుల ఫొటో దాని పుస్తకాల అట్టల మీద, గోడ మీద, చివరికి నా పోపుల డబ్బా పక్కన కూడా అంటించి ఉంది. నేను అవేవో డిష్ యాంటెన్నాలు అనుకుని ఊరుకున్నాను. జట్టులో ఆరుగురు చేరారట. ఒకడు కోచింగ్ అని హైదరాబాద్ పోయాడు, ఇద్దరికి బాక్‌లాగ్ పరీక్షలు, మిగతా ఇద్దరూ విసుగొచ్చి మానేశారు. ఐదువేల రెండువందల బొమ్మలు మిగిలాయి. జాబితా పంపడానికి గడువు పదిహేడు రోజులు. దీనికి ప్రాక్టికల్స్ నెత్తి మీద ఉన్నాయి. ఇంక అవదత్తా, ఒగ్గేస్తాను అంది.

ఐదువేలకే ఇంత ఏడుపా అని నాకు నవ్వొచ్చింది. "ఇలగియ్యే నాకు. ఏటి సూడాలో సెప్పు. నాను ఏరుతాను," అన్నాను.

మర్నాడు పొద్దున కాలేజీకి వెళ్లే హడావిడిలో, చెప్పులు వేసుకుంటూ నాకు పని నేర్పింది. నాకు వేరేగా ఒక ఖాతా తెరిచి నా పేరు పెట్టింది. ఎవరు చేసిన పని వాళ్ల పేరు మీద ఉండాలట, ఈ పిల్లకు అలాంటి పట్టింపులు ఎక్కువ. బొమ్మ వస్తుంది. ఒంటి చుక్క అయితే ఈ బటన్. రెండు పక్కలా రెండు మబ్బులుంటే జంట, ఆ బటన్. పనికిరానిది అయితే పారేసే బటన్. ఏదైనా రాసుకోవాలంటే కింద చిన్న గడి ఉంది. పంపాల్సింది కనబడితే మాత్రం నక్షత్రం గుర్తు నొక్కు అని చెప్పి బస్సు కోసం పరిగెత్తింది.

పంపాల్సిందంటే ఎలా ఉంటుందే అని నేను అడగలేదు. పంతొమ్మిదేళ్లుగా సరుకు పంపుతున్నదాన్ని, నాకు ఎవరు చెప్పాలి?

మొదటి పూట మౌస్ నా మాట వినలేదు. నేను ఇటంటే అది అటు పోయింది. తిట్టాను. మధ్యాహ్నానికి దారికొచ్చింది. మూడో రోజుకు చూపు కుదిరింది. బల్ల దగ్గరా అంతే, కొత్తగా చేరినవాళ్లు ఒక్కొక్క పప్పునూ చూస్తారు, పాతవాళ్లకు చూడక్కర్లేదు, తేడా ఉన్నదే వచ్చి కంట్లో పడుతుంది. అన్నం వార్చడం, బొమ్మలు చూడడం, బట్టలు ఆరేయడం, బొమ్మలు చూడడం. కొండబాబు మధ్యాహ్నం భోజనానికి వచ్చి, ఇంట్లో గొడవ లేకపోయేసరికి ఒంట్లో బాగులేదా అని అడిగాడు. సంతోషంగా ఉన్నానని చెబితే నమ్మలేదు. నిజంగానే సంతోషంగా ఉన్నాను. కోట్ల మైళ్ల అవతల ఉన్నవాటిని మా వంటింటి గుమ్మంలో కూర్చుని ఏరుతున్నానంటే ఎంత బాగుంది!

పన్నెండు రోజుల్లో ఐదువేల రెండువందలూ పూర్తి. అరుణశ్రీ ప్రాక్టికల్స్ కూడా అయ్యాయి. సోమవారం సాయంత్రం ఐదింటికి గడువు. ఆదివారం పొద్దున టిఫిన్ తిని, తడి చేతులు తుడుచుకుని, నేను నక్షత్రం పెట్టినవి తెరిచింది. నలభై రెండు ఉన్నాయి. మొదటిది చూసింది. రెండోది చూసింది. పది దాటేసరికి దాని మొహం మారింది.

బాగులేవా అన్నాను. ఎందుకు బాగుండవు? ఐదువేలలోంచి ఏరి పెట్టాను. కుడివైపు మబ్బు ఎంతుందో ఎడమవైపు మబ్బు అంతే. మరక లేదు, వంకర లేదు. మా ఓనరు పెద్ద బేరగాళ్లకు చూపించడానికి గాజు సీసాలో పోసి పెట్టుకునే పప్పు ఎలా ఉంటుందో అలాంటి నలభై రెండు.

"అత్తా, ఇవన్నీ మామూలువే," అంది నెమ్మదిగా. "ఆళ్లకి కావాల్సినవి వంకర టింకరగా ఉన్నవి. ఎక్కడా లేని ఆకారాలు. అవి ఏవి?"

"వంకరవి ఎవులైనా పంపుతారేటే? అవన్నీ పారేసినాను."

అప్పటిదాకా దాని తప్పేమిటో దానికీ, నా తప్పేమిటో నాకూ తెలియలేదు. వింతవి వెతకడమే పని అని దానికి ఎంత బాగా తెలుసంటే, ఆ మాట పైకి చెప్పాలని తోచలేదు. మంచి సరుకే పంపాలని నాకు ఎంత బాగా తెలుసంటే, అడగాలని తోచలేదు. అరుణశ్రీ ముందు ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చున్నీ కళ్లకు అడ్డం పెట్టుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పన్నెండు రోజులు దాని కోరిక నా చేతుల్లో పెడితే, ఏరి ఏరి పారేసినదాన్ని నేను. నా మీద నాకు వచ్చిన కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక కొండబాబుకు ఫోన్ చేసి తిట్టాను. ఆయన ఏం తప్పు చేశాడో కూడా అడక్కుండా తప్పయిపోయిందన్నాడు.

ఫోన్ పెట్టేశాక కొంచెం బుర్ర పనిచేసింది. పారేసినవి ఎక్కడికి పోతాయే అని అడిగాను. ఎక్కడికీ పోవు, వేరే జాబితాలో పడి ఉంటాయి, కానీ అందులో ఆరువందల పద్నాలుగు ఉన్నాయి, చాలావరకు బొమ్మ పాడైనవే, వాటిలో వంకరవి ఏరి, ఒక్కొక్కటీ పాత జాబితాలతో సరిచూసి, కారణం రాసి పంపాలంటే రేపు సాయంత్రానికి అవదు అంది.

"ఆరొందలూ ఎందుకే? మూడో నంబరు ఏసినవి సూడు. సాలు," అన్నాను.

అది నా వైపు అర్థం కానట్టు చూసింది. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది? మా బల్ల దగ్గర పారేసేవాటికి కూడా ఒక పద్ధతి ఉంటుంది. మాడింది ఒక గంప, పురుగు పట్టింది ఒక గంప, ఆకారం చెడింది ఒక గంప. ఎందుకు పారేశావమ్మా అని సూపర్‌వైజర్ వచ్చి అడిగితే చెప్పాలి కదా. పంతొమ్మిదేళ్లలో కారణం లేకుండా ఒక్క పప్పు పారేయలేదు, గెలాక్సీని పారేస్తానా? ప్రతి బొమ్మ కింద ఉన్న చిన్న గడిలో అంకె వేస్తూ వచ్చాను. పెద్ద వెలుగు పక్కన గీతలు పడి పాడైనవి మాడినవి, ఒకటి. గింజలు గింజలుగా తెగిపోయినవి పురుగు పట్టినవి, రెండు. బొమ్మ శుభ్రంగానే ఉండి గెలాక్సీ ఆకారమే చెడితే, మూడు.

అరుణశ్రీ ఏదో నొక్కింది. తెర మీద ముప్పై ఏడు మిగిలాయి.

మొదటిది రెండు ధారలూ ఒకే పక్కకు వంగిపోయి ఉంది. రెండోది నడుమ ఏమీ లేకుండా ఒట్టి గుండ్రటి అంచు. ఇంకొకటి జంతికలా మెలి తిరిగింది. మరొకదానికి ఒకవైపే మబ్బుంది, రెండోవైపు శూన్యం. నాకు ఒక్కొక్కటీ గుర్తే, ఒక్కొక్కదాన్నీ ఛీ అనుకుంటూ పారేశాను. అరుణశ్రీ చివరిదాకా చూసి, లేచి, మౌస్ చేత్తో పట్టుకునే నన్ను వాటేసుకుని గిరగిరా తిప్పింది. వైరు లాగి లాప్‌టాప్ కింద పడబోతే నేను పట్టుకున్నాను. మేం ఇలా గెంతుతుంటే కొండబాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పొద్దున తిట్లు తిన్నందుకు నన్ను చల్లార్చడానికి పనసతొనలు కొనుక్కొచ్చాడట. తెర మీద బొమ్మలు చూసి, మెషీన్ ఏదైనా పాడయ్యిందా అని అడిగాడు. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆ పగలంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా అది కూర్చుని సరిచూసింది. నేను పనసతొనలు ఒలిచి నోట్లో పెట్టాను. నాలుగున్నరకు జాబితా వెళ్లింది. బుధవారం బాయిలర్ బాగయిందని ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది, నేను నా బల్ల దగ్గరికి పోయాను.

రెండు నెలలకు జవాబొచ్చింది. వాళ్ల ఫిజిక్స్ లెక్చరర్ దేవేంద్ర సార్ ఆ సాయంత్రం స్వయంగా ఇంటికి వచ్చి చెప్పాడు. ముప్పై ఏడింటిలో చాలావాటిని ఇంతకుముందే ఎవరో ఒకరు చూశారట. ఒక్కటి మాత్రం ఎవరూ చూడలేదు. రెండు పాత మబ్బులు మసకగా ఒక దిక్కులో, వాటి మధ్య రెండు కొత్త మబ్బులు మెరుస్తూ ఇంకో దిక్కులో. ఆ గెలాక్సీ నడుమ ధారలు చిమ్మేది కోట్ల ఏళ్లు ఊరుకుని, మళ్లీ మొదలెట్టింది, ఈసారి వేరే వైపు చిమ్ముతోంది. నాకు గుర్తొచ్చింది. ఒక పిక్కలో రెండు జతల బద్దలు ఎక్కడైనా ఉంటాయా అనుకుని పారేశాను. సార్ మా ముందు కాగితం పెట్టాడు. పది రోజుల శిక్షణకు పిలుపు. పేరు దగ్గర ధనలక్ష్మి అని ఉంది.

అరుణశ్రీ చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒసే, నా పేరు ఎవులు పెట్టమన్నారే?"

"నువ్వు సూసినావు. నీ పేరే ఉంటాది మరి," అంది, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

జాబితా పంపిన రోజే దానికి తెలుసు. నా పేరు తీసి తన పేరు పెట్టుకుంటే అడిగేవాడు లేడు. నేనైతే తెలుసుకునేదాన్నే కాదు. అయినా గడి గడిలో నా పేరే నింపి, రెండు నెలలు నాతో కూర్చుని అన్నం తింటూ, కన్ను ఆర్పకుండా ఊరుకుంది. పక్క గదిలో గోడ మీద గొడుగుల ఫొటో అలాగే ఉంది. ఇలాంటి పిల్లను ఏమనాలి? ఆ రాత్రి ఎవరినీ తిట్టకుండా పడుకుంటే, కొండబాబు ఒంట్లో బాగులేదా అని మళ్లీ అడిగాడు.

మర్నాడు నేను సగం పూట సెలవు పెట్టి కాలేజీకి పోయాను. ఆ గొడుగుల దగ్గరి వాళ్లతో మాట్లాడాలి, ఫోన్ కలపమన్నాను. వీడియోలో ఒక మేడమ్ వచ్చింది, జుట్టు నెరిసి, మొహంలో నవ్వుంది. నాకు హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. అరుణశ్రీ నేను చెబుతానని ముందుకొచ్చింది. దాన్ని పక్కకు నెట్టాను. నా మాటను మార్చి చెప్పేస్తుందని నాకు తెలుసు. దేవేంద్ర సార్‌నే చెప్పమన్నాను.

"అమ్మా, సూసింది నానే. కాదనను. గానీ నాను దాన్ని పారేసినాను," అన్నాను. "పారేసినదాంట్లోంచి ఏరుకున్నది ఈ పిల్ల. దాని ఇలువ ఏటో దీనికే తెలుసు. పారేసినోళ్లదా వస్తువు, ఏరుకున్నోళ్లదా? మీరే సెప్పండి."

సార్ చెప్పాడు. మేడమ్ నేను అనుకోనిది అడిగింది. ఆరువందల పద్నాలుగులో బొమ్మ పాడైనదీ, ఆకారం చెడినదీ ఎలా వేరు చేశావంది. చూస్తే తెలుస్తుంది కదా అన్నాను. ఆవిడ నవ్వి, తన దగ్గరున్న బొమ్మలు ఒక్కొక్కటీ తెర మీద పెట్టింది. ఇది? మాడింది. ఇది? పురుగు. ఇది? మూడు. ఇది? మాడినట్టుంటుంది కానీ కాదు, గీతలు వెలుగు దగ్గర మొదలవలేదు చూడండి, మూడే. అలా అరగంట. మధ్యలో ఇంకో ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఆవిడ వెనక నిలబడ్డారు. ఒకడు రాసుకుంటున్నాడు. వాళ్ల కంప్యూటర్ తప్పుచేసేది సరిగ్గా ఇక్కడేనట. చివరికి ఆవిడ, రూల్ ఒకటి ఉంది, నేను ఒక్కదాన్నీ మార్చలేను, అందరితో మాట్లాడి రాస్తాను అంది. పిల్లను పిలవకపోతే నేను రాననీ, ఆ గెలాక్సీని మళ్లీ పారేసినట్టు రాసుకోమనీ చెప్పమన్నాను. సార్ ఆ మాట చెప్పాడో లేదో నాకు తెలియదు.

తొమ్మిది రోజులు ఎదురుచూశాం. అరుణశ్రీ నాతో మామూలుగానే ఉంది, నేనే దాన్ని చూసినప్పుడల్లా కసురుకున్నాను. పదో రోజు శనివారం, ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే దాని ఫోన్‌కు ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. పెరట్లోకి పరిగెత్తుకొచ్చి, పైనుంచి కిందికి వేలితో జరుపుతూ ఒక చోట ఆగి కేక పెట్టింది.

"అత్తా, నీ పేరున్నాది. అక్కడికొచ్చిన పిల్లలందరికీ ఒక రోజు నువ్వు ఏరడం నేర్పాలట. మేష్టారిలాగ పిలుస్తన్నారు నిన్ను!"

కొండబాబు ఏమైంది ఏమైంది అంటూ వచ్చాడు. అది ఆయన చేతులు పట్టుకుని గెంతుతోంది. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, నేను మేష్టర్నట. వినడానికి బాగానే ఉంది. కానీ నా చెవికి అది ఎక్కలేదు.

"గెంతులాపి నీ పేరున్నాదో నేదో సూడవే ముందు," అన్నాను.

ఆగిపోయింది. చూడలేదట. నా పేరు కనబడగానే అక్కడే ఆగిపోయిందట. మళ్లీ ఫోన్ తీసింది. కంగారులో ఉత్తరం పైకీ కిందికీ జరుగుతోంది కానీ నిలవడం లేదు. కొండబాబు ఫోన్ తీసుకుని కదలకుండా పట్టుకున్నాడు. పైనుంచి ఒక్కొక్క వరుసా చదువుకుంటూ వచ్చింది. రెండో పేరాలో ఆగింది.

"ఉన్నాదత్తా. పది రోజులూ."

నేను తడి కాళ్లతోనే అరుగు మీద కూలబడి ఏడ్చాను. సిగ్గేముంది, గట్టిగానే ఏడ్చాను. ఇంత పెద్ద ఆకాశం కావాలని కలగన్న పిల్ల, అది చేతికొచ్చిన రోజున కూడా ముందు నా పేరే వెతుక్కుంది.